కొరియన్ భాషలో పెద్దలను 'భోజనం చేశారా' అని మర్యాదగా ఎలా అడగాలి?

కొరియన్‌లో తినడానికి సాధారణ క్రియ 'మొక్తా', అన్నానికీ భోజనానికీ వాడే మాట 'పప్'. స్నేహితుణ్ణి 'పప్ మొగొస్సొ?' అని అడగవచ్చు గానీ, అదే మాట తాతగారితో అంటే అమర్యాద అవుతుంది. ఎందుకంటే అక్కడ గౌరవం క్రియాంతంతోనే సరిపోదు, మాటలే మారిపోతాయి. తాతయ్య, నాయనమ్మ వంటి వృద్ధుల విషయంలో 'పప్' స్థానంలో 'చిన్జి', 'మొక్తా' స్థానంలో 'చప్సుషిదా' లేదా 'తుషిదా' వచ్చి, ప్రశ్న 'చిన్జి చప్సుషొస్సొయో?' అవుతుంది. మన 'ఆరగించారా' ఇంచుమించు ఇటువంటిదే, కాకపోతే మనం దాన్ని ఇప్పుడు ఎక్కువగా వేళాకోళానికే వాడుతున్నాం.

కార్యాలయంలో పైవారితోనూ, అంతగా పరిచయం లేనివారితోనూ 'షిక్సా హషొస్సొయో?' అంటే చాలు. ఇది చాలాసార్లు కుశలప్రశ్న మాత్రమే కనుక, తినకపోయినా తిన్నామని చెప్పి ముగించేవారు ఉంటారు.

విదేశీయులు తరచుగా చేసే పొరపాటు ఒకటుంది: ఈ గౌరవ క్రియలను తమకు తాము వాడుకోవడం. అవతలివారు ఎంత పెద్దవారైనా, మన గురించి చెప్పేటప్పుడు 'మొగొస్సొయో' అనే అనాలి. భోజనానికి ముందు 'చల్ మొక్కెస్సుమ్నిదా', తరువాత 'చల్ మొగొస్సుమ్నిదా' అని వండినవారికో, తినిపించినవారికో కృతజ్ఞత చెప్పడంలోనూ ఉన్నది ఈ సాధారణ క్రియే.