ఫోన్ తీసేశాక మొదటి పది నిమిషాలు

చిట్టితల్లీ,

చేతిలోంచి ఫోన్ తీసేసుకుంటే చాలు, బాబు ఇల్లు పీకి పందిరేస్తున్నాడని రాశావు. మూడేళ్ళవాడు మరేం చేస్తాడు? ఒక వీడియో అయిందో లేదో ఇంకోటి దానంతటదే మొదలవుతుంది. ఎక్కడ ఆపాలో మనకే తెలియదు. ముందు సెట్టింగ్స్‌లో ఆ ఆటోప్లే ఆపెయ్యి. 'ఇంకో ఐదు నిమిషాలు' అనకు, ఆ వయసులో ఐదు నిమిషాలూ ఒకటే, గంటా ఒకటే. 'ఈ ఏనుగు కథ అయిపోగానే కట్టేద్దాం' అని, అవగానే వాడి చేతే ఆపించు.

ఎంతసేపు చూడనివ్వాలి అంటే, 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తగ్గితే ఇంకా మంచిదట. రోజు మొత్తం మీద కనీసం మూడు గంటలు ఒళ్ళు కదలాలనీ అందులోనే ఉంది. గంట సంగతి అందరికీ గుర్తుంటుంది, ఈ మూడు గంటల సంగతి ఎవరూ ఎత్తరు.

అసలు కష్టం ఫోన్ తీసేశాకే. ఆ పది పదిహేను నిమిషాలు వాడికి ఏమీ తోచదు. నీ కొంగు పట్టుకుని తిరుగుతాడు, నసపెడతాడు. అప్పుడు నువ్వు కంగారుపడి కొత్త ఆట చూపించకు. ఒక ఖాళీ అట్టపెట్టె, పాత దుప్పటి, బట్టల క్లిప్పులు అందేచోట పెట్టి నీ పని చూసుకో. ముందు పెట్టెను తంతాడు. తర్వాత నెత్తిన బోర్లించుకుంటాడు. కాసేపటికి అందులో కూర్చుని 'పోం పోం' అంటాడు, క్లిప్పులన్నీ ప్యాసింజర్లు. అప్పుడు వెళ్ళి 'ఇది బస్సా నాన్నా? ఏం రంగు?' అని పరీక్ష పెట్టావో, ఆట అక్కడితో సరి. ఎక్కమని పిలిస్తే మాత్రం ఎక్కు. టికెట్ అడుగుతాడు, ఇవ్వు.

బొమ్మలు కొనడం ఇక చాలించండి. నాలుగైదు బయట ఉంచి మిగతావి అటక ఎక్కించు, కొన్నాళ్ళకు మార్చు. అన్నీ ఒకేసారి ముందు పెడితే పిల్లలు దేనితోనూ నిలకడగా ఆడరు. ఎవరూ చూడని టీవీ కూడా కట్టేసెయ్యి. వాడు దానివైపు చూడట్లేదు కదా అనుకుంటాం గానీ, చప్పుడు వచ్చినప్పుడల్లా తలెత్తుతాడు, చేతిలో ఆట తెగిపోతుంది. రిమోట్‌లోనో బొమ్మల్లోనో గుండీల్లాంటి చిన్న బ్యాటరీలుంటే మూత గట్టిగా ఉందో లేదో ఒకసారి చూడు. అవి మింగితే లోపల కాలిపోతుంది, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

అన్నం దగ్గరా, పడుకోబోయే ముందు గంటా ఫోన్ వద్దు. మీ ఇద్దరికీ కూడా. నువ్వు స్క్రోల్ చేస్తూ వాణ్ణి ఆడుకోమంటే వింటాడా? నాతో వీడియో కాల్ ఈ లెక్కలోకి రాదులే, అందులో ఎదురుగా మనిషి ఉంటుంది.

జ్వరం వచ్చిన రోజో, ప్రయాణంలోనో గంట కాస్తా రెండు గంటలైతే దిగులు పడకు. మర్నాటి నుంచి మామూలే. మొదటి వారం ఏడుపు బాగానే ఉంటుంది, ఓర్చుకో. మీ మామగారు చాటుగా ఫోన్ ఇస్తున్నారన్న సంగతి మాత్రం మీ ఆయన్నే మాట్లాడమను. నువ్వు కల్పించుకోకు.

ప్రేమతో,
పెద్దమ్మ