ట్రామ్ కష్టమంతా దిగే మెట్టు దగ్గరే ఉంది

అడిగిన ప్రశ్న ఇది: "కార్లు, బైకులు కిక్కిరిసిన నగరాల్లో ట్రామ్ నడపడం ఎందుకంత కష్టం? మన కడప లాంటి ఊళ్ళో పెడితే నడుస్తుందా?"

నేను 31 ఏళ్ళు బస్సు తోలాను. అందులో ఎక్కువ కాలం కడప–రాయచోటి రూటే. ట్రామ్ తోలలేదు కానీ, 2018 డిసెంబరులో కలకత్తాలో ట్రామ్ డ్రైవరు వెనక నిలబడి ఆయన పని దగ్గరనుంచి చూశాను. డ్రైవరు కళ్ళతో చూసింది చెబుతున్నా.

మా పెద్దోడికి అప్పుడు అక్కడ ఉద్యోగం. వాడు ఆఫీసుకు పోయాక ఇంట్లో పొద్దుపోక, శ్యాంబజార్‌లో ట్రామ్ ఎక్కి ఎస్ప్లనేడ్ దాకా పోయి వచ్చేవాణ్ణి. కడపలో పుట్టి పెరిగినవాళ్ళకు ఉర్దూ ఎట్లాగూ నోట్లో ఉంటుంది కాబట్టి ఆ డ్రైవరుతో మాట కలిసింది. నేనూ డ్రైవరునే అనగానే తన వెనక నిలబడనిచ్చాడు.

ట్రామ్ అంటే రోడ్డులోనే పరిచిన పట్టాల మీద కరెంటుతో నడిచే బండి. మొదట నా కళ్ళు స్టీరింగ్ కోసం వెతికాయి. లేదు. ఎడమచేతి కింద కరెంటు ఎక్కువ తక్కువ చేసే పిడి, కుడిచేతి కింద బ్రేకు, కాలి కింద గంట. అంతే. నా ఉద్యోగంలో సగం పని స్టీరింగ్‌తోనే. గుంత వస్తే తప్పించాలి, గొర్రెల మంద వస్తే పక్కకు తియ్యాలి, ఆటో అడ్డం తిరిగితే అర చుట్టు తిప్పాలి. ఆయనకు ఆ వీలు లేదు. ఎదురుగా ఏమొచ్చినా గంట కొట్టాలి, బ్రేకు వెయ్యాలి. ఆ బ్రేకు కూడా మన బ్రేకు లాంటిది కాదు. రబ్బరు టైరు తారురోడ్డును పట్టుకున్నంత గట్టిగా ఉక్కు చక్రం ఉక్కు పట్టాను పట్టుకోదు. తడిస్తే మరీ జారుతుంది. అందుకే పట్టాల మీద ఇసుక రాల్చే ఏర్పాటు ట్రాముల్లో పెడతారు. గువ్వలచెరువు ఘాట్‌లో నిండు బండితో దిగుతున్నప్పుడు ముందున్న కారు ఉన్నట్టుండి ఆగితే గుండె ఎట్లా జారుతుందో నాకు తెలుసు. ఆయనకు చదును రోడ్డు మీద రోజంతా అదే టెన్షన్. కార్లవాళ్ళకు ఈ సంగతి పట్టదు. మెల్లగానే వస్తోంది కదా అని ముందునుంచి దూరిపోతారు.

కాలేజ్ స్ట్రీట్ అని పుస్తకాల అంగళ్ళ వీధి ఒకటుంది. రోడ్డుకు రెండు పక్కలా అంగళ్ళే, పట్టాలు నడిమధ్య. అక్కడ పుస్తకాల కట్టలు దించుకునే మినీ వ్యాన్ ఒకటి ఆగి ఉంది. రోడ్డుకు అడ్డంగా కూడా లేదు. వెనక టైరు ఒక్కటి జానెడు పట్టా మీదికి వచ్చింది. నా బస్సయితే దాన్ని నేను గమనించకుండానే దాటిపోయేది. ట్రామ్ ఆగిపోయింది. ఆయన గంట కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. వ్యాన్‌లో ఎవరూ లేరు. కండక్టరు దిగి ఒక్కో అంగడికీ పోయి "బండి ఎవరిది" అని అడగడం మొదలుపెట్టాడు. మేము నలుగురం దిగి నెట్టి చూశాం. హ్యాండ్ బ్రేకు వేసి ఉంది, లోపల ఇంకా సగం కట్టలున్నాయి, కదల్లేదు. ఇంతలో వెనక ఇంకో ట్రామ్ వచ్చి నిలబడింది. దాని వెనక బస్సులు, టాక్సీలు, అందరూ హారన్లు మా మీదే కొడుతున్నారు. డ్రైవరును ఎంతసేపు పడుతుందని అడిగా. "బండివాడు టీ తాగి వచ్చేదాకా" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు, అంతగా అలవాటైపోయింది. నా గడియారంలో 22 నిమిషాలు పట్టింది. ఎక్కినప్పుడు ముప్పై మంది దాకా ఉన్నవాళ్ళం, కదిలేటప్పటికి ఆరుగురం మిగిలాం.

మరుసటి రోజు ఆ వీధిలోని వాళ్ళను అడిగితే ట్రామ్ వల్లే ట్రాఫిక్ జామ్ అని చెప్పేవాళ్ళు. వ్యాన్ పేరు ఎవరి నోటా రాదు. నాకు ఇప్పటికీ కడుపు మండేది ఇక్కడే. కలకత్తాలో ట్రామ్ మొదలైంది 1873లో, గుర్రాలతో. 1902లో కరెంటు వచ్చింది. గుర్రం ట్రామ్ తిరిగేనాటికి కారు అనేదే పుట్టలేదు. తర్వాత వచ్చిన బండి, ముందునుంచీ ఉన్నదాన్ని అడ్డం అంటోంది. కొన్ని పెద్ద రోడ్లలో పట్టాలకు విడిగా గడ్డి బాట ఉండేది, కార్లు దాని మీదికి వచ్చేవి కావు. తర్వాత రోడ్డు వెడల్పు కావాలని దాన్ని కాంక్రీటు చేసి కలిపేశారు. నన్నడిగితే ట్రామ్ అప్పుడే చచ్చిపోయింది, మిగిలిందంతా కొన ఊపిరి. 2024 సెప్టెంబరులో అక్కడి రవాణా మంత్రి మైదాన్–ఎస్ప్లనేడ్ దారి ఒక్కటి ఉంచి మిగతావి ఆపేస్తామని ప్రకటించినప్పుడు నాకు ఆ డ్రైవరే గుర్తొచ్చాడు.

ట్రామ్ అంటే కలకత్తా ఒక్కటే గుర్తొస్తుంది చాలామందికి. మన కడపలో మద్రాసు రోడ్డు ఉంది కదా, ఆ మద్రాసులో 1895లోనే కరెంటు ట్రాములు తిరిగాయి. మా జేజినాయన బియ్యం వ్యాపారం పని మీద రైల్లో పోయి ట్రామ్ ఎక్కివచ్చి ఊళ్ళో కథలు చెప్పేవాడంట. 1953 ఏప్రిల్‌లో అక్కడ ఆపేశారు. ఢిల్లీలో 1963లో, బొంబాయిలో 1964లో పోయాయి. పాతబడి పోయాయని అందరూ అంటారు, నేను ఒప్పుకోను. రోడ్డు మధ్యన చోటు పోయింది కాబట్టి పోయాయి.

ఇంకో కష్టం బైకులవాళ్ళది. పట్టా పక్కన సన్నటి గాడి ఉంటుంది. దాన్ని ఏటవాలుగా దాటితే ముందు టైరు అందులో పడి మనిషి కింద పడతాడు. పట్టాకు నేరుగా అడ్డం దాటాలి. మన దగ్గర లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేయిస్తారు, అంతే. పెద్ద బండికి ఎంత దూరంలో ఉండాలో, ఆగిన బస్సు పక్కనుంచి ఎట్లా పోవాలో ఒక్కరు చెప్పరు. ఇక రోడ్డు తవ్వకాలు. ఈ నెల రోడ్డు వేస్తాం, వచ్చే నెల నీళ్ళ పైపు కోసం తవ్వుతాం. పట్టాల కింద తవ్వాలంటే బండ్లు పక్క దారిన పోతాయి, ట్రామ్‌కు పక్క దారి లేదు.

కానీ వీటన్నింటికంటే పెద్దది ఒకటుంది. అది నాకు మూడో రోజు అర్థమైంది.

పట్టాలు రోడ్డు మధ్యలో ఉంటే జనం దిగేదీ రోడ్డు మధ్యలోనే. ట్రామ్‌కూ ఫుట్‌పాత్‌కూ మధ్య ఎడమ పక్కనుంచి బండ్లు పోతూనే ఉంటాయి. ఒక స్టాపులో ముసలామె ఒకామె కూరగాయల సంచితో దిగాలి. కండక్టరు ముందు తాను మెట్టు మీదికి వచ్చి, ఒక కాలు కింద పెట్టి, చెయ్యి అడ్డంగా చాచాడు. ఒక టాక్సీ ఆగింది. దాని పక్కనుంచి బైకు ఒకటి దూరింది. ఆమె కాలు మెట్టు మీదే నిలిచిపోయింది. ఆయన బైకువాణ్ణి ఏదో కేకేసి, ఆమె మోచెయ్యి పట్టుకుని ఫుట్‌పాత్ దాకా నడిపించి, పరుగున వచ్చి ఎక్కాడు. స్టాపు స్టాపుకూ ఇదే. ఇట్లా ఉంటే ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు ఒకసారి ఎక్కి ఇంకోసారి ఎక్కరు. జనం ఎక్కని బండిని ఎవరు నడుపుతారు?

మా చెల్లెలి కొడుకు మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. ప్రపంచంలోనే అతి పెద్ద ట్రామ్ వ్యవస్థ ఆ ఊరిది. అక్కడ కూడా ఎక్కువ పట్టాలు కార్లతో కలిసిన రోడ్ల మీదే ఉన్నాయి. అయినా నడుస్తోంది. ఎట్లారా అని ఫోన్‌లో అడిగితే, "మామా, ట్రామ్ స్టాపులో ఆగి జనం దిగుతుంటే వెనకున్న కారు ఆగి తీరాలి. పక్కనుంచి పోయామా, ఫైనే" అన్నాడు. ఊరి మధ్యలో కొన్ని కూడళ్ళలో కుడివైపు తిరగాలంటే ఎడమ అంచుకు పోయి నిలబడి, సిగ్నల్ మారాక తిరగాలట. కారు రోడ్డు మధ్యలో నిలబడితే ట్రామ్ ఆగిపోతుందని పెట్టిన నియమం. చాలా స్టాపుల్లో ట్రామ్ మెట్టుకు సమంగా అరుగులు కట్టారు. నా లెక్కలో ఆ ఊరి ట్రామ్ బతికింది ఆ అరుగుల వల్ల, ఆ ఆగడం వల్ల.

ఇక కడప సంగతి. ఏడు రోడ్ల కూడలిలో సాయంత్రం ఆరు గంటలకు ఒకసారి నిలబడి చూడండి. పట్టాలు వేసినా వై.వి. స్ట్రీట్ మొగదల ఒక్క బైకు పార్కు చేస్తే చాలు, ఆ రోజుకు అంతే. కాబట్టి ఇప్పుడు మన ఊరికి ట్రామ్ వద్దు. ముందు ఉన్న బస్సులోంచి మనిషి భయం లేకుండా దిగే చోటు కావాలి.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే, నేను రిటైర్ కావడానికి తొమ్మిదేళ్ళ ముందు ఒకటి జరిగింది. అప్సర సర్కిల్ దగ్గర స్టాపులో షేర్ ఆటోలు నిండి ఉన్నాయి. హారన్ కొట్టాను, కదల్లేదు. వెనకవాళ్ళు తొందర పెడుతున్నారు. సరేలే అని రోడ్డు అంచుకు రెండు గజాల ఇవతలే బస్సు ఆపాను. రాయచోటి నుంచి వస్తున్న ఒక తల్లి, బిడ్డను చంకనెత్తుకుని దిగింది. ఎడమ పక్కనుంచి స్కూటర్ వచ్చి ఆమె మోకాలికి కొట్టింది. బిడ్డకేం కాలేదు. ఆమె కాలు విరిగింది. తప్పు స్కూటరువాడిదేనని అందరూ అన్నారు, నా మీద మాట రాలేదు. కానీ ఆ రెండు గజాల చోటు వదిలింది నేనే.

ఆ తర్వాత డ్యూటీలో ఉన్న తొమ్మిదేళ్ళూ, అంచుకు ఆనించకుండా బస్సు ఆపితే ఎడమ అద్దంలో చూసి, కండక్టరును ముందు దిగమని, ఆయన చెయ్యి చాచాకే జనాన్ని దించాను. వెనక ఎన్ని హారన్లు మోగినా సరే.