కాళ్లు బిగుసుకుపోతున్నాయి.. నరాలు కాల్పించేయమంటారా?

ప్రశ్న: మా తమ్ముడికి 31 ఏళ్లు, గీత కార్మికుడు. మూడేళ్ల కిందట తాటిచెట్టు మీద నుంచి పడి వెన్నుపాము దెబ్బతింది. బొడ్డు కింద స్పర్శ లేదు. రెండు నెలలుగా రాత్రిళ్లు కాళ్లు బిగుసుకుపోయి ఎగిరెగిరి పడుతున్నాయి. కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ 10 ఎంజీ మూడు పూటలా వేస్తున్నాం. వెన్నులోకి ఫినాల్ ఇంజెక్షన్ ఇచ్చి నరాలు కాల్చేస్తే పీడ పోతుందంటున్నారు. చేయించమంటారా?
– ఒక సోదరుడు, నల్గొండ జిల్లా

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు మీరు రాసిన ‘రెండు నెలలుగా’ అన్న మాట సంగతి తేల్చాలి. మూడేళ్లుగా లేని బాధ ఉన్నట్టుండి మొదలైందంటే కింద ఎక్కడో ఏదో ఇబ్బంది పెడుతుండొచ్చు. నొప్పి అతనికి తెలియదు కదా, కాళ్లే చెబుతాయి. యూరిన్ ఇన్ఫెక్షన్, మూత్రాశయంలో రాయి, మలబద్ధకం, పిరుదుల మీద పుండు.. అన్నీ చూడాలి. ఈ రాత్రే అతని బొటనవేళ్లు చూడండి. గోరు చర్మంలోకి దిగినా చాలు, కాలు ఎగురుతూనే ఉంటుంది. ఏదీ దొరక్కపోతే వెన్నుకు ఎంఆర్‌ఐ తీయించాలి. కొందరికి దెబ్బ తగిలినచోట వెన్నుపాములో నీటితిత్తి పెరుగుతుంది.

ఇక మందులు. రోజుకు 30 ఎంజీ బాక్లోఫెన్ ఆఖరి మెట్టేం కాదు, డాక్టర్ చూస్తూ మెల్లగా 80 దాకా పెంచొచ్చు. మీ అంతట మీరు మాత్రం పెంచకండి, ఒక్కసారిగా ఆపకండి. ఆపితే ఫిట్స్ రావచ్చు. ఒకటి రెండు కండరాలదే గొడవైతే వాటిని సడలించే బొటాక్స్ ఇంజెక్షన్ ఉంది. దాని పని మూడు నెలలే, పడకపోయినా దానంతటదే తగ్గిపోతుంది. పొట్ట చర్మం కింద పెట్టి, మందును నేరుగా వెన్నులోకి పంపే బాక్లోఫెన్ పంపు ఖరీదైనదే కానీ ముందు ఒక టెస్ట్ డోస్ ఇచ్చి చూడొచ్చు, వద్దనుకుంటే తీసేయొచ్చు.

ఫినాల్‌కు ఆ వెసులుబాటు లేదు. కాళ్ల బిగుతుతో పాటు మూత్రం, మలం మీద మిగిలిన రిఫ్లెక్సులు (వాటంతటవే జరిగే స్పందనలు), అంగస్తంభన కూడా పోవచ్చు. ఈ మాట మీ తమ్ముడికి ఎవరైనా చెప్పారా? ఉత్తరం మీరు రాశారు, ఒళ్లు మాత్రం అతనిది. మంచం మీద నుంచి వీల్‌చైర్‌లోకి మారేటప్పుడు ఆ బిగుతునే ఊతంగా వాడుకుంటున్నాడేమో కూడా గమనించండి. అది పోయాక మనిషిని ఎత్తి కూర్చోబెట్టాల్సి వస్తే ఆ పని మీ మీద పడుతుంది.

మోకాళ్లు ముడుచుకుపోయి శుభ్రం చేయడానికి కూడా వీల్లేక, పుండ్లు మానక, మిగతావన్నీ వాడి చూసినా ఫలితం లేకపోతే అప్పుడు నేనూ కాదనను. ముందు యూరిన్ కల్చర్ చేయించి, ఒక రాత్రి కాళ్లు ఎగరడం ఫోన్‌లో వీడియో తీసి, తమ్ముణ్ని వెంటబెట్టుకుని రిహాబిలిటేషన్ స్పెషలిస్టు దగ్గరికి వెళ్లండి.