సపోర్ట్ జాబ్‌లో చేరి రెండు నెలలైంది, ఫోన్ మోగితే భయమేస్తోంది, మానేసి కోడింగ్ కోర్సులో చేరనా?

ప్రశ్న: సార్, డిగ్రీ అయ్యాక ఒక ఆఫీసులో ఐటీ సపోర్ట్‌లో చేరాను. ఎవరైనా సిస్టం పనిచేయట్లేదు అని ఫోన్ చేస్తే గుండె దడ మొదలవుతుంది. చాలాసార్లు గూగుల్‌లో వెతికి చెప్తున్నా, అది మోసం చేస్తున్నట్టు అనిపిస్తోంది. ఫ్రెండ్స్ ఏమో ఇది కీబోర్డులు మౌస్‌లు మార్చే ఉద్యోగం, దీంట్లో ఎదుగుదల లేదు అంటున్నారు. మానేసి కోడింగ్ నేర్చుకోమంటారా?

జవాబు:

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను కొన్నేళ్లు సపోర్ట్ డెస్క్‌లోనే పనిచేశా కాబట్టి ఆ దడ ఏంటో నాకు బాగా తెలుసు. గూగుల్ చేయడం మోసం కాదు, పదేళ్ల సీనియర్లు కూడా చేస్తారు. కాకపోతే వాళ్లు "ప్రింటర్ రావట్లేదు" అని కొట్టరు, స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్ కోడ్‌ని అక్షరం పొల్లుపోకుండా కొడతారు, వచ్చిన పది జవాబుల్లో తొమ్మిది ఎందుకు పనికిరావో చూడగానే చెప్పగలరు. నీకు ఇంకా అలవాటు కానిది అదే, సమస్యని సగానికి సగం కోసుకుంటూ పోవడం.

ఉదాహరణకి ఒకాయన ఫోన్ చేసి నెట్ రావట్లేదు అన్నాడనుకో. నువ్వు లేచి పరిగెత్తకముందే అడగాల్సింది, మీ ఒక్కరికేనా పక్క సీటువాళ్లకి కూడానా అని. అందరికీ పోయిందంటే ఆయన సిస్టం ముందు కూర్చుని గంట గడిపినా లాభం లేదు, నెట్‌వర్క్ స్విచ్ దగ్గరికో నెట్‌వర్క్ టీమ్ దగ్గరికో వెళ్లాలి. ఆయన ఒక్కడికే అయితే కేబుల్, వైఫై చూసి తర్వాత మెషిన్ ఐపీ అడ్రస్ చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టు. అడ్రస్ 169.254 తో మొదలైందంటే మెషిన్లకి అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి ఐపీ అందక మెషిన్ తనంతట తాను ఒక అడ్రస్ పెట్టుకుందని అర్థం. అడ్రస్ బానే ఉంటే గేట్‌వేకి (ఆఫీస్ నుంచి బయటి నెట్‌కి దారిచ్చే రౌటర్‌కి) పింగ్ చెయ్యి, అంటే జవాబిస్తుందో లేదో చూడు, తర్వాత బయట ఉండే గూగుల్ సర్వర్ 8.8.8.8 కి, తర్వాత ఏదైనా వెబ్‌సైట్ పేరుకి. నంబర్‌కి జవాబొచ్చి పేరుకి రాకపోతే ముందు అనుమానించాల్సింది వెబ్‌సైట్ పేర్లని నంబర్లుగా మార్చే డీఎన్ఎస్‌ని. ఇది అయిదు నిమిషాల పని, ఒక్కో అడుగులో సమస్య ఎక్కడ లేదో తేలిపోతుంది కాబట్టి చివరికి ఎక్కడ ఉందో అక్కడికే వచ్చి ఆగుతావు.

రీస్టార్ట్ గురించి ఒక మాట. యూజర్ "పొద్దున్నే షట్‌డౌన్ చేసి ఆన్ చేశానండీ" అంటారు, నువ్వేమో టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిస్తే అప్‌టైమ్ పన్నెండు రోజులు అని ఉంటుంది. ఆయన అబద్ధం చెప్పలేదమ్మా. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా కెర్నెల్‌ని (విండోస్ గుండెకాయ లాంటి భాగాన్ని) డిస్క్‌లో దాచిపెట్టి మళ్లీ అదే లేపుతుంది, రీస్టార్ట్ కొడితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. ఇది తెలియక యూజర్లని విసుక్కునే సపోర్ట్ వాళ్లని చాలామందిని చూశా, నువ్వు అలా చేయకు, నెమ్మదిగా రీస్టార్ట్ చేయించు.

నా మొదటి ఏడాదిలో జరిగింది చెప్తా. ఒక మేనేజర్ గారి అకౌంట్ రోజూ పొద్దున్నే లాక్ అయ్యేది, ఆయన ఫోన్ చేసేవారు, నేను అన్‌లాక్ చేసి టికెట్ (ఆ ఫిర్యాదు నమోదు) క్లోజ్ చేసేవాణ్ని, ఇలా వరసగా మూడు రోజులు, పైగా ఎంత త్వరగా క్లోజ్ చేస్తున్నానో అని సంతోషం కూడా. నాలుగో రోజు మా సీనియర్ ఒక్కటే అడిగాడు, ఆయన పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చారు అని. సోమవారం మార్చారు, లాకులు మొదలైంది కూడా సోమవారమే. ఆయన ఫోన్‌లో ఆఫీస్ మెయిల్ ఉంది, అందులో పాత పాస్‌వర్డే ఉండిపోయి అది పదే పదే లాగిన్ అవ్వాలని చూస్తోంది. ఫోన్‌లో మార్చాం, అంతే, మళ్లీ రాలేదు. అప్పటినుంచి "చివరిసారి బాగా పనిచేసింది ఎప్పుడు, ఆ తర్వాత ఏం మారింది" అనే రెండు ప్రశ్నలు అడగకుండా నేను ఏ టికెట్టూ ముట్టుకోలేదు. పాత డెస్క్‌టాప్‌లో లాగిన్ ఫెయిల్ అవుతుంటే గడియారం కూడా చూడు, ఆఫీస్ లాగిన్లన్నీ చూసే డొమైన్ సర్వర్‌కీ దానికీ అయిదు నిమిషాలకి మించి తేడా ఉంటే మామూలు సెట్టింగ్స్‌లో లాగిన్‌ని తనిఖీ చేసే కెర్బరోస్ ఒప్పుకోదు, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే టైమ్ అలాగే తప్పుతుంది. ప్రింట్లు క్యూలో ఇరుక్కుంటే ప్రింట్ స్పూలర్ సర్వీస్ ఆపి, ఇరుక్కున్న ఫైళ్లు తీసేసి, మళ్లీ స్టార్ట్ చేస్తే చాలావరకు కదులుతాయి, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

కానీ ఒక విషయంలో మాత్రం నేను చాలా గట్టిగా చెప్తా. ఫార్మాట్ కొట్టేముందు, ప్రొఫైల్ డిలీట్ చేసేముందు ఆ మనిషి ఫైళ్లు ఎక్కడున్నాయో అడిగి, నీ కళ్లతో చూసి, కాపీ తీసుకున్నాకే చెయ్యి. మెషిన్ పోతే ఇంకోటి వస్తుంది, ఒకరి మూడేళ్ల పని పోతే తెచ్చివ్వలేం. అలాగే ఎవరి పాస్‌వర్డూ అడగకు, చెప్పబోతే ఆపు. ఫోన్‌లో ఎవరో నేను డైరెక్టర్‌ని, అర్జెంట్, పాస్‌వర్డ్ రీసెట్ చెయ్యి అని గదమాయించినా సరే ఆఫీస్ రూల్ ప్రకారం ఆ మనిషి ఎవరో నిర్ధారించుకున్నాకే చెయ్యి, ఎందుకంటే దొంగలు కంపెనీలోకి దూరడానికి హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేయడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ సమయంలో కంపెనీ మొత్తానికి కాపలా నువ్వే.

ఇక మీ ఫ్రెండ్స్ మాట. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఇచ్చిన తప్పు అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ మెషిన్లు నీలం స్క్రీన్‌తో ఆగిపోయాయి, విమానాలు నిలిచిపోయాయి, ఆసుపత్రుల్లో పనులు ఆగాయి. చాలా మెషిన్లు బూటే అవ్వట్లేదు కాబట్టి దూరం నుంచి బాగుచేసే దారి లేదు, సపోర్ట్ వాళ్లు ఒక్కో మెషిన్ దగ్గరికెళ్లి సేఫ్ మోడ్‌లో పెట్టి ఆ ఒక్క ఫైల్ తీసేశారు, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నచోట 48 అంకెల రికవరీ కీ కూడా టైప్ చేయాల్సొచ్చింది. కీబోర్డులు మార్చే ఉద్యోగం అన్నవాళ్లకి ఈ సంగతి చెప్పు.

ఎదుగుదల ఉంది, కానీ దానంతట అది రాదు. ఎల్1లోనే, అంటే ఫోన్లు ఎత్తే మొదటి మెట్టులోనే కూర్చుని ఏళ్లు గడిపేసినవాళ్లు ఉన్నారు, అక్కడినుంచి సిస్టమ్ అడ్మిన్, నెట్‌వర్క్, సెక్యూరిటీ, క్లౌడ్ వైపు వెళ్లినవాళ్లూ ఉన్నారు. నేను చూసినంతవరకు తేడా నోట్స్‌లో ఉంది. టికెట్‌లో "ఇష్యూ రిజాల్వ్డ్" అని రాసి వదిలేయకు, యూజర్ ఏమన్నారు, నువ్వు ఏం చూశావు, ఏం ప్రయత్నిస్తే ఏం జరిగింది, చివరికి కారణం ఏంటి, నాలుగు లైన్లు చాలు. ఆరు నెలల్లో అది నీ సొంత పుస్తకం అవుతుంది, ఇంటర్వ్యూలో చెప్పడానికి నిజమైన కథలు అవుతాయి. సర్టిఫికేట్ కావాలంటే కాంప్‌టియా ఏ ప్లస్ ఉంది, రెండు పేపర్లు, కొత్త సిలబస్ 2025లో వచ్చింది. కానీ నన్నడిగితే దానికంటే ముందు ల్యాబ్ పెట్టుకో. నీ ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంటే చాలు, ఒకే మెషిన్‌లో ఇంకో మెషిన్‌ని నడిపే వర్చువల్‌బాక్స్ ఉచితం, విండోస్ సర్వర్ 180 రోజుల ట్రయల్, విండోస్ ఎంటర్‌ప్రైజ్ 90 రోజుల ట్రయల్ దొరుకుతాయి, ఒక డొమైన్ కట్టు, యూజర్లని పెట్టు, తర్వాత కావాలనే డీఎన్ఎస్ చెడగొట్టి ఏ ఎర్రర్లు వస్తాయో చూడు. ఒకసారి నువ్వే చెడగొట్టిన దాన్ని చూసి మళ్లీ భయపడవు.

కోడింగ్ మీద నిజంగా ఇష్టం ఉంటే తప్పకుండా నేర్చుకో, ఫోన్ మోగుతోందని పారిపోవడానికైతే వద్దు, అక్కడా తెలియనివి రోజూ ఎదురవుతాయి. ఇక్కడే ఉండి విండోస్‌లో స్క్రిప్ట్‌లు రాసే పవర్‌షెల్ మొదలుపెట్టు, రోజూ చేత్తో చేసే ఒక పనికి చిన్న స్క్రిప్ట్ రాయి, కోడింగ్ నచ్చుతుందో లేదో నీకే తెలుస్తుంది. కనీసం ఒక ఏడాది ఇక్కడ గడిపాక నిర్ణయించుకో అని నా సలహా.

దడ గురించి. ఫోన్ ఎత్తగానే జవాబు చెప్పాలని ఎవరూ అనుకోవట్లేదు, నువ్వు అనుకుంటున్నావు. ముందు వాళ్లని పూర్తిగా చెప్పనివ్వు, మధ్యలో ఆపకుండా రాసుకో, ఎర్రర్ ఫోటో పంపమను. తెలియకపోతే "ఇది నేను చూడాలండీ, పావుగంటలో మళ్లీ ఫోన్ చేస్తా" అను. పావుగంటలో దొరక్కపోయినా సరే ఫోన్ మాత్రం చెయ్యి, ఇంకా చూస్తున్నా, సీనియర్‌ని కూడా అడిగా అని చెప్పు. వాళ్లు అవతల పని ఆగిపోయి కూర్చున్నారు, ఎవరో ఒకరు తమ గురించి చూస్తున్నారని తెలిస్తే చాలావరకు శాంతిస్తారు.