మాల్దీవులకు వస్తున్నారా? ముందు బావి, తర్వాత బాత్రూము

మాల్దీవుల్లో టీచరుగా చేరబోతూ మీరు రాసిన ఉత్తరంలో జీతం, సెలవులు, విమానం ఛార్జీలు అన్నీ అడిగి, చివర మొహమాటపడుతూ "బాత్రూము సంగతి ఎలా ఉంటుందండీ?" అన్నారు. మొదట అడగవలసింది అదే.

మీ బడి రాజధాని మాలేలో అయితే దిగులు లేదు. 1978లో కలరా చెలరేగిన తర్వాత అక్కడ మురుగు గొట్టాలు వేశారు. కుళాయిలో వచ్చేది ఉప్పు తీసిన సముద్రపు నీరు. 2014 డిసెంబరులో ఆ యంత్రాల దగ్గర మంటలు రేగినప్పుడు మాత్రం మన నౌకలు, విమానాలు నీళ్ళు మోసుకురావలసి వచ్చింది.

మిమ్మల్ని దూరపు దీవికి వేస్తే లెక్క మారుతుంది. అక్కడ నేలంతా పగడపు ఇసుక. ఇంకిన వాన నీరు అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలచగా తేలుతుంది, కాస్త తవ్వితే చాలు బావి. సెప్టిక్ ట్యాంకు ఉండేదీ ఆ ఇసుకలోనే. నేను మొదట దిగిన ఇంట్లో రెండింటికీ మధ్య ఆరడుగులు కూడా లేదు. కోనసీమవాణ్ణి, చేతికందే నీళ్ళు నాకు కొత్త కాదనుకుని, తేటగానే ఉన్నాయని పుక్కిలించాను. వారం రోజులు మంచం దిగలేదు. స్నానానికీ బట్టలకూ బావి నీళ్ళు సరే, నోట్లోకి మాత్రం వాన నీళ్ళో కుళాయి నీళ్ళో కాచి వాడండి.

ప్రతి జనావాస దీవికీ మురుగు వ్యవస్థ కల్పించాలని 2008 రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 2024 ఆగస్టులో భారత్ ఇచ్చిన రుణంతో కట్టిన నీటి, మురుగు పథకాలు 28 దీవుల్లో ప్రారంభమయ్యాయి. కాని గొట్టాలుంటేనే సరిపోదు. అందుకే "గొట్టాలున్నాయా?" అని అడిగి ఆగకండి, "పంపు నడుస్తోందా?" అని కూడా అడగండి. దీవి బల్లపరుపు, మురుగు తనంతట తాను పారదు. పంపు ఆగితే మీ బాత్రూములోకే తిరిగివస్తుంది.

పాత ఇళ్ళలో స్నానాల గదిని గిఫిలి అంటారు. చుట్టూ గోడలు, పైన ఆకాశం. వెన్నెల రాత్రుల్లో బాగానే ఉంటుంది కాని, మా ఆవిడ మొదటి నెలంతా గొడుగు పట్టుకునే వెళ్ళింది!

జనవరి నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ. డిసెంబరులోపు ఇంటి వాన నీళ్ళ ట్యాంకు కడిగించి నింపుకోండి. చెంబు తెచ్చుకోనక్కర్లేదు, ప్రతిచోటా చేతి గొట్టం ఉంటుంది. మిగిలిన బరువుకు ఆవకాయ పెట్టుకోండి. కాకపోతే ఆ నూనె సింకులో ఒంపకండి.