రాత్రిపూట లోకల్ స్టాక్ కార్ రేస్ (మామూలు కార్లలా కనపడే రేసు కార్ల పోటీ) ఫొటోలు తీయాలంటే సెట్టింగ్స్ ఏం పెట్టాలి, ఫ్లాష్ కావాలా?

మీరు షార్లెట్‌కి కొత్తగా వచ్చానన్నారు, శనివారం ఆఫీసు ఫ్రెండ్స్‌తో విన్‌స్టన్ సేలంలో రేసులు జరిగే బోమన్ గ్రే స్టేడియంకి వెళ్తున్నానన్నారు, చేతిలో మామూలు క్రాప్ సెన్సార్ బాడీ, ఒక 70-200 ఎఫ్ 2.8 లెన్స్ ఉన్నాయన్నారు. చాలు, ఇంకేం కొనకండి. నేను సమ్మర్‌లో వీలైనప్పుడల్లా ఆ ట్రాక్‌కి వెళ్తుంటా కాబట్టి నాకు పనికొచ్చినవి చెప్తా.

ముందు ఫ్లాష్ సంగతి. అది బ్యాగులోనే ఉంచండి. స్టాండ్స్‌లోంచి కొడితే కారుదాకా అందదు, అందేంత దగ్గర్లో ఉంటే డ్రైవర్ కళ్ళల్లో పడుద్ది.

ఇక షటర్. స్పోర్ట్స్ అనగానే అందరూ 1/1000 (సెకనులో వెయ్యో వంతు) పెట్టేస్తారు, అక్కడే ఫొటో చచ్చిపోద్ది. లెక్క చూడండి, ఇది పావు మైలు ట్రాక్, అంటే రౌండు 400 మీటర్ల చిల్లర, మంచి కారు దాన్ని 13-14 సెకన్లలో తిరిగేస్తుంది, అంటే సెకనుకి దాదాపు 29 మీటర్లు. 1/1000 లో కారు జరిగేది 3 సెంటీమీటర్లే, చక్రం కూడా ఆగిపోయినట్టే ఉంటుంది, చూస్తే ట్రాక్ మీద పార్క్ చేసిన కారులా వస్తుంది, పైగా ఆ వెలుతురులో ఐఎస్ఓ (సెన్సార్ వెలుతురుని ఎంత పెంచి చూపాలనే సెట్టింగ్) ఎక్కడికో పోయి బొమ్మంతా గింజలు గింజలు. అదే 1/60 పెట్టి కారుతోపాటు కెమెరా తిప్పారనుకోండి, ఆ కాసేపట్లో కారు అర మీటరు దాకా కదులుద్ది, కారు స్పష్టంగా నిలబడుద్ది, వెనకాల జనం, లైట్లు అన్నీ గీతలైపోతాయి, అప్పుడు తెలుస్తుంది స్పీడు. 1/125 తో మొదలుపెట్టి చెయ్యి కుదిరాక 1/60 కి దిగండి. ఎక్కువ ఫ్రేములు పోతాయి, అందరికీ పోతాయి, దానికి బాధపడక్కర్లేదు. నడుం దగ్గర్నుంచి తిరగాలి, చేతులతో కాదు, క్లిక్ అయ్యాక కూడా తిప్పడం ఆపకూడదు.

స్లో షటర్‌తో ఇంకో లాభం ఉంది, చాలామందికి తెలీదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అందుకని పాతరకం స్టేడియం లైట్లు సెకనుకి 120 సార్లు వెలుగుతూ మసకబారుతూ ఉంటాయి (మన దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి 100 సార్లు). కంటికి కనపడదు గానీ ఫాస్ట్ షటర్‌కి దొరికిపోతుంది, ఒక ఫ్రేము పసుపు, పక్కది నల్లగా, ఇంకోటి బానే ఉంటుంది, కెమెరా పాడైందేమో అనిపిస్తుంది. 1/60 లో ఆ సైకిల్ పూర్తిగా రెండుసార్లు పట్టేస్తుంది కాబట్టి అన్ని ఫ్రేములూ ఒకేలా వస్తాయి. ఎల్ఈడీలున్న చోట ఈ గోల చాలావరకు ఉండదు కానీ చిన్న ట్రాక్‌లన్నిట్లో అవి ఉండవు. రా ఫార్మాట్‌లో (తర్వాత సరిదిద్దుకోడానికి వీలైన ముడి ఫైల్) తీయండి, వైట్ బ్యాలెన్స్ (రంగుల సెట్టింగ్) ఆటోలో వదలకండి, ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టి కదపకండి, లేకపోతే తెల్ల కారు వచ్చినప్పుడల్లా ఫొటో చీకటైపోద్ది.

బోమన్ గ్రే గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎక్కడ కూర్చోవాలనేది దీన్నిబట్టే ఉంటుంది. 1930ల్లో కట్టిన అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం అది, ఇప్పటికీ విన్‌స్టన్ సేలం స్టేట్ యూనివర్సిటీ టీమ్ అక్కడే ఆడుతుంది, ఆ గ్రౌండు చుట్టూ తారు ట్రాక్, 1949 నుంచి నాస్కార్ (అమెరికాలో స్టాక్ కార్ రేసులు నడిపే సంస్థ) రేసులు. నాస్కార్ దిగ్గజం రిచర్డ్ పెట్టీ 100వ గెలుపు 1969లో ఇక్కడే, 2025 ఫిబ్రవరిలో నాస్కార్ పెద్దోళ్ళ క్లాష్ రేసు కూడా ఇక్కడ పెట్టారు, చేస్ ఇలియట్ గెలిచాడు. ట్రాక్ మొత్తం చదును, వంపుల్లో ఏటవాలు ఉండదు, అంటే మలుపు దగ్గర గట్టిగా బ్రేక్ కొట్టాల్సిందే, దాటాలంటే ముందోణ్ణి బంపర్‌తో నెట్టాల్సిందే. అందుకే మీరు మెయిన్ స్ట్రెయిట్ మధ్యలో కూర్చోకండి, మలుపు లోపలికి దిగే చోటో బయటికొచ్చే చోటో చూసుకుని పై వరసల్లో కూర్చోండి. పైనుంచైతే కంచె అడ్డం రాదు, వెనకాల పచ్చగా గ్రౌండు వస్తుంది.

మాడిఫైడ్ క్లాస్ రేసు మాత్రం వదలకండి. చక్రాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి బ్రేక్ డిస్కులు కాలి ఎర్రబడితే బయటికే కనపడతాయి, గ్యాస్ మీద కాలు తీయగానే కాలని పెట్రోలు ఎగ్జాస్ట్‌లో అంటుకుని మంట బుస్సుమంటుంది. రెండూ మలుపు ఎంట్రీలోనే. దానికోసం ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు సగానికి) తగ్గించి పెట్టుకోండి, వెలుతురు ఎక్కువైతే ఆ ఎరుపు తేలిపోద్ది.

కంచె పక్కనే నిలబడాల్సొస్తే లెన్స్‌ని తీగలకి వీలైనంత దగ్గరగా పెట్టి ఎఫ్ 2.8 లో తీయండి, తీగ కరిగిపోద్ది. మీ లెన్స్ మీద ఫోకస్ లిమిట్ స్విచ్ ఉంటే దూరానికి మార్చండి, లేకపోతే ఆటోఫోకస్ పోయి పోయి తీగనే పట్టుకుంటుంది.

టైము. జూలైలో అక్కడ పొద్దు గుంకేది రాత్రి 8:40 ప్రాంతంలో, మెయిన్ ప్రోగ్రాం 8 కి మొదలు, అంటే మొదటి రేసు ఎండపొడలో, తర్వాతది నీలం ఆకాశం కింద. నన్నడిగితే ఆ గంటలోనే సగం మంచి ఫొటోలు వచ్చేస్తాయి. తొమ్మిదిన్నర దాటాక ఆకాశం నల్లగా అయిపోయి అన్ని ఫొటోలూ ఒకేలా ఉంటాయి, అప్పుడు లెన్స్ జనం వైపు తిప్పండి. అక్కడి జనం మామూలు జనం కాదు బాబూ, అక్కడి డ్రైవర్లు టిమ్ బ్రౌన్ మనుషులు, బర్ట్ మైయర్స్ మనుషులు వేరు వేరు, మన దగ్గర హీరోల ఫ్యాన్స్ ఎలాగో అలా, డ్రైవర్ పేరు చదవగానే సగం స్టాండ్ లేచి బూ అంటుంది, ఓ తాతగారు మనవణ్ణి భుజాన ఎక్కించుకుని మరీ బూ కొట్టిస్తాడు. ఆ మొహాలు 1/250 లో, ఐఎస్ఓ 6400 అయినా పర్లేదు, తీసేయండి. చిన్నపిల్లలైతే పెద్దవాళ్ళకి సైగ చేసి అడగండి, ఎవరూ కాదనరు.

చెవులకి ప్లగ్స్ తప్పనిసరి. 2023లో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ దగ్గర ఫార్ములా ఈ చూసి రేసంటే ఇంతే అనుకున్నారేమో, అవి కరెంటు కార్లు, ఇవి అలా కాదు, పక్కనోడితో మాట్లాడ్డం కూడా కుదరదు.

పిట్స్‌లోకి (కార్లు రిపేరు చేసుకునే చోటుకి) వెళ్ళొచ్చా అన్నారు. చాలా లోకల్ ట్రాక్‌లలో పిట్ పాస్ విడిగా అమ్ముతారు, ప్రమాదం జరిగితే మాది పూచీ కాదని ఓ కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. రూల్స్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి శుక్రవారంలోపే ట్రాక్ ఆఫీసుకి ఫోన్ చేసి పాస్ గురించి, పెద్ద లెన్స్ లోపలికి తేవచ్చా అనేది రెండూ ఒకేసారి అడిగేయండి. పిట్స్‌లోకి వదిలితే 70-200 సంచిలో పెట్టేసి 35 ఎఫ్ 1.8 లెన్స్ లాంటిది ఏదైనా ఉంటే అది తగిలించండి. కింది క్లాసుల్లో తోలేవాళ్ళు వారమంతా ఏదో ఉద్యోగం చేసుకుని శనివారం వచ్చేవాళ్ళే, ఇంటిల్లిపాదీ వచ్చి రెంచీలు పట్టుకునుంటారు, వాళ్ళకి సరైన ఫొటోలు ఉండవు. కారు నంబరు రాసుకుని, తర్వాత ఓ నాలుగు ఫొటోలు పంపండి, మళ్ళీ వెళ్ళినప్పుడు వాళ్ళే పిలిచి పక్కన నిలబెట్టుకుంటారు.