క్లబ్బుకి బోట్లు ఇచ్చే ముందు మావయ్య మాట విను

ఒరేయ్ నానీ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పింది విని సరే చూద్దాంలే అనేశాను గానీ పడుకున్నాక బుర్రలో అదే తిరిగింది, అందుకే పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఇదంతా టైప్ చేస్తున్నా, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదువు.

బోట్ క్లబ్ వాళ్ళు, అదే మెంబర్లకి వంతులవారీగా బోట్లు తోలుకోడానికిచ్చేవాళ్ళు, నీ షోరూములో ఒకేసారి ఆరు స్పోర్ట్‌బోట్లు కావాలన్నారు, ఎక్కువ కొంటున్నాం కాబట్టి తగ్గించే ఫ్లీట్ రేటుకి అడుగుతున్నారు, ఇస్తే మన బ్రాండుకి మంచిదా చెడ్డదా మావయ్యా అన్నావు. ఈ జార్జియాలో లేక్ లానియర్ మీద 22 ఏళ్ళు బోట్ల సర్వీసులోనే బతికాను, మధ్యలో నాలుగేళ్ళు అమ్మే కౌంటర్లో కూడా కూర్చున్నాను కాబట్టి నా మాట ముందే చెప్పేస్తా. ఇవ్వు. కానీ పానా నీ చేతిలో, అంటే సర్వీసు నీ షాపులోనే ఉంటేనే ఇవ్వు, ఆ బోట్లు క్లబ్బులోంచి బయటికొచ్చే రోజు వాటిని ఎవరు అమ్ముతారన్నది కూడా నీ చేతిలోనే ఉండాలి. ఈ రెండూ ఒప్పుకోకపోతే ఆరు కాదు అరవై అడిగినా నమస్కారం పెట్టి పంపించెయ్.

మన ఊరి బళ్ళతో చెప్తే నీకు త్వరగా ఎక్కుద్ది. ఒకప్పుడు ఇండికాని ట్రావెల్స్ వాళ్ళు తెగ కొన్నారు, తర్వాత ఇంట్లోకి కారు కొనేవాడికి ఇండికా చూపిస్తే "అది ట్రావెల్స్ బండి కదండీ" అనేవాడు. ఇన్నోవా చూడు, అది కూడా ట్యాక్సీగా తిరిగిందే, తిరుపతికీ షిర్డీకీ రాత్రనక పగలనక తోలారు, ఎంత తోలినా ఆగదన్న మాట ఆ డ్రైవర్ల నోటి నుంచే ఊరంతా పాకింది, దాంతో దాని పేరు ఇంకా పెరిగింది. మారుతీ వాళ్ళు ఇంకో దారి పట్టారు, డిజైర్‌నే ట్యాక్సీల వాళ్ళకి టూర్ అని పేరు తగిలించి విడిగా అమ్మారు. మూడూ ట్యాక్సీలే, మూడు రకాలుగా తేలాయి. ఎక్కినవాడికి ఆ బండి ఏ కండిషన్లో కనపడిందీ, ఏ పేరుతో కనపడిందీ అన్న దగ్గరే తేడా వచ్చింది. బోటుకీ ఇదే లెక్క.

ఇప్పుడు క్లబ్ బోటు ఎంత తిరుగుద్దో చూసుకో. సొంతానికి కొన్నవాడు ఏడాదికి 50 గంటలు ఇంజన్ తిప్పితే గొప్ప, చాలామందివి అంత కూడా తిరగవు. క్లబ్బులో పొద్దున ఒక బ్యాచ్ మధ్యాహ్నం ఒక బ్యాచ్, రోజుకి ఐదు గంటలు ఇంజన్ తిరిగిందనుకో, 20 రోజులకి 100 గంటలు అయిపోయినట్టే. ఔట్‌బోర్డ్‌కి, అదే బోటు వెనక బిగించే ఇంజన్‌కి, 100 గంటలకోసారి లేదా ఏడాదికోసారి సర్వీస్ అంటాం కదా, సొంత ఓనరుకి ఏడాది ముందొస్తది, క్లబ్బుకి ఎండాకాలంలో నెల తిరక్కుండానే 100 గంటలు వచ్చేస్తాయి. సీజన్లో అలా 100 రోజులు తిరిగితే 500 గంటలు, అంటే మామూలు మనిషి పదేళ్ళ వాడకం ఒక్క వేసవిలో అయిపోయింది. సరిగ్గా ఆయిల్ మార్చాల్సిన టైమే వాళ్ళకి బుకింగులు ఫుల్లుగా ఉండే టైము, బోటు ఒక రోజు ఆపితే ఇద్దరు మెంబర్లు గొడవ చేస్తారని వచ్చే వారం వచ్చే వారం అని జరుపుతారు. వాళ్ళు చెడ్డోళ్ళని కాదు నేననేది, వాళ్ళ వ్యాపారం అలాంటిది.

నాకు జరిగింది చెప్తా. చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన చోట ఒక క్లబ్బుకి నాలుగు బౌరైడర్లు, అంటే ముక్కు వైపు కూడా సీట్లుండే స్పోర్ట్‌బోట్లు, ఇచ్చాం, సర్వీస్ మేమే చూసుకుంటాం అన్నారు వాళ్ళు, మా ఓనరు చెక్కు చూసి సరేనన్నాడు. రెండో వేసవిలో ఇక్కడి కమ్మింగ్ ఊరి నుంచి ఒక తెలుగు ఫ్యామిలీ షోరూముకి వచ్చారు, ఇద్దరు చిన్నపిల్లలు, కొనే ఉద్దేశంతోనే వచ్చారని మొహాల్లోనే తెలుస్తుంది. ఆయన బోటు పక్కనున్న పేరు చూడగానే "ఇది మాత్రం వద్దండీ, క్లబ్బులో ఇదే తీసుకున్నాం, లేక్ మధ్యలో అలారం మోగి స్పీడ్ మొత్తం పడిపోయింది, పిల్లలు ఏడ్చేశారు, ఒడ్డుకి రావడానికి రెండు గంటలు పట్టింది" అన్నాడు. తర్వాత ఆ క్లబ్ బోటు రిపేరుకి నా దగ్గరకే వచ్చింది, విప్పి చూస్తే వాటర్ పంపులో రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు అరిగి పీలికలైపోయి ఉన్నాయి, లోపలంతా ఇసుక. మెంబర్లు ఇంజన్ ఆపకుండా ఇసుక ఒడ్డు మీదకి ఎక్కించేవాళ్ళు, ఆ ఇసుక నీళ్ళు లాగి లాగి ఇంపెల్లర్ పోయింది, నీళ్ళు అందక ఇంజన్ వేడెక్కింది, కాలిపోకుండా దానంతట అదే స్పీడ్ తగ్గించుకుంది. అంటే ఇంజన్ చెయ్యాల్సిన పనే చేసింది రా! తప్పంతా టైముకి మార్చని చిన్న రబ్బరు ముక్కది. కానీ ఆ మాట ఆయనకి ఎలా చెప్తావు? ఆయన క్లబ్బుని ఒక్క మాట అనలేదు, ఎందుకంటే ఆ రోజు ఆయన కళ్ళెదురుగా పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు మనది, క్లబ్బుది చిన్న స్టిక్కర్. నాకు ఇప్పటికీ బాధే అది, ఆ ఒక్క ఫ్యామిలీతో ఆగిందా అంటే ఆగదు కదా, మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల సంగతి నీకు తెలియంది కాదు.

ఇంకోటి, స్పోర్ట్‌బోటు పాంటూన్ లాంటిది కాదు. పాంటూన్ అంటే మన నర్సాపురం సఖినేటిపల్లి రేవులో పంటు లాంటిది, ఎవడెక్కినా ఎటు కూర్చున్నా బల్లపరుపుగా పోద్ది. స్పోర్ట్‌బోటు అడుగు వి ఆకారం, థ్రాటిల్ తొయ్యగానే ముక్కు పైకి లేస్తది, కొన్ని సెకన్లు ముందు ఏముందో కనపడదు, కొత్తవాడు అక్కడే భయపడి సగంలో వదిలేస్తాడు, అప్పుడు ముక్కు అలాగే లేచి ఉండి వెనకాల నీళ్ళు దున్నుకుంటూ పోతుంటది. ట్రిమ్, అంటే ఇంజన్ వంపు, ఎక్కువ ఎత్తితే కప్పలా గెంతుద్ది. ముందు సీట్లో నలుగురిని కూర్చోబెట్టి పెద్ద అల ముందు టక్కున స్పీడ్ తగ్గిస్తే నీళ్ళు ముక్కు మీద నుంచి లోపలికొస్తాయి. శనివారం మధ్యాహ్నం లానియర్ ఎలా ఉంటదో చూశావుగా, నాలుగు పక్కల నుంచీ అలలే. తోలడం రానోడు వీటన్నిటినీ బోటు లోపం అనుకుంటాడు. జార్జియాలో బోటింగ్ కోర్సు తప్పనిసరి అన్నది 1998 జనవరి 1 నుంచి పుట్టినవాళ్ళకే, క్లబ్బులో చేరే నలభై ఏళ్ళ మనిషికి ఆ రూలు తగలదు, కాబట్టి ఆయన నేర్చుకునేదల్లా క్లబ్ వాళ్ళు ఆ రోజు డాక్ దగ్గర చెప్పిందే. ఆ చెప్పేవాడు నీ మనిషైతే బాగుంటది, కనీసం మొదటి సీజన్ వారాంతాలు నువ్వో నీ కుర్రాడో వెళ్ళి నిలబడండి. పాంటూన్ తోలి అలవాటయ్యాకే స్పోర్ట్‌బోటు తాళం ఇవ్వాలని అడుగు, మంచి క్లబ్బైతే కాదనదు, వాళ్ళకీ డామేజీ తగ్గుద్ది కదా.

ఇంజన్ విషయంలో కూడా వాళ్ళు చిన్నది పెట్టమంటారు, రేటు తగ్గుద్దని. ఒప్పుకోకు. ఎనిమిది మంది ఎక్కి ఐస్ చెస్టులు పెట్టాక బోటు ప్లేన్ మీదకి, అంటే నీళ్ళ పైకి తేలి జారేలా, లేవకపోతే "ఈ బ్రాండు లేవదు" అన్న పేరొస్తది. అలాగని అన్నిటికంటే పెద్దది కూడా వద్దు, మధ్యలోది పెట్టు, ప్రొపెల్లర్ మాత్రం అల్యూమినియందే వెయ్యి, రాయికి తగిలినా ప్రొపెల్లర్ పోద్ది గానీ గేర్ల దాకా దెబ్బ పోవడం తగ్గుద్ది. 2007 కరువులో ఈ లేక్ నిండు మట్టం 1071 అడుగుల నుంచి డిసెంబర్ నాటికి దాదాపు 1051కి పడిపోయింది, అంతకు ముందు నీళ్ళ కింద ఉన్న మొద్దులూ మట్టి దిబ్బలూ బయటికొచ్చాయి, ఆ ఏడు నేను మార్చిన ప్రొపెల్లర్లకి లెక్కే లేదు. నీళ్ళు తగ్గినప్పుడు ఎటు వెళ్ళకూడదో మెంబర్లకి మ్యాపు మీద గీసి ఇవ్వమను.

లాభం లేదా అంటే చాలా ఉంది, అందుకే ఇవ్వమంటున్నా. క్లబ్బులో రెండు వేసవులు తిరిగిన ఒక జంట ఒకసారి వచ్చారు, వాళ్ళకి నేను చెప్పాల్సింది ఏమీ లేదు, యాంకర్ ఎక్కడ పెట్టాలో, ఏ సీటు తిప్పితే పిల్లల్ని వెనక తాడుతో లాగే టోయింగ్ చేసేటప్పుడు వాళ్ళని చూడొచ్చో అన్నీ వాళ్ళకే తెలుసు, రంగు ఒక్కటే అడిగారు. అరగంటలో అడ్వాన్స్ ఇచ్చి వెళ్ళారు. బోట్ షోలో నిలబెట్టిన బోటు ఎక్కి దిగినవాడు ఇలా కొనడు. మన తెలుగువాళ్ళయితే మరీను, ఆల్ఫరెట్టా జాన్స్ క్రీక్ వైపు ఎంతమంది ఉన్నారు, మొదటే బోటు కొనేవాళ్ళు తక్కువ, పుట్టినరోజుకో చుట్టాలొచ్చారనో అద్దెకి తీసుకునే మొదలుపెడతారు. ఆ మొదటి రోజు వాళ్ళ చెయ్యి ఏ స్టీరింగ్ మీద పడిందో అదే గుర్తుంటది. పెద్దోళ్ళకి ఇది ఎప్పుడో అర్థమైంది. ఫ్రీడమ్ బోట్ క్లబ్ 1989లో ఫ్లోరిడాలో సారసోటాలో మొదలైతే 2019లో దాన్ని బ్రన్స్‌విక్ కంపెనీ కొనేసింది, మెర్క్యురీ ఇంజన్లు వాళ్ళవే, సీ రే, బేలైనర్, బోస్టన్ వేలర్ వాళ్ళవే. వాళ్ళకి ఒక జేబులో పోయినా ఇంకో జేబులో వస్తది, బోటు పాడైతే పార్టులు కూడా వాళ్ళవే కదా. నీకు ఉన్నది ఒక్క జేబు, అందుకే ఇంత జాగ్రత్త చెప్తున్నా.

అసలు దెబ్బ ఎక్కడ తగులుద్దో చాలామంది చూడరు, నేను కూడా మొదట్లో చూడలేదు. ఆ నాలుగు బౌరైడర్లూ రెండేళ్ళయ్యాక ఒకే అక్టోబర్‌లో అమ్మకానికి వచ్చాయి, క్లబ్ వాళ్ళు ఎంతొస్తే అంతకి తోసేద్దామని ఆన్‌లైన్లో పెట్టేశారు. నా దగ్గరికి వచ్చిన ప్రతి కస్టమరూ ఫోన్ చూపించి ఇదే మోడల్ రెండేళ్ళది సగం రేటుకి ఉంది కదా అనడం మొదలుపెట్టాడు. ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో చెప్పే హవర్ మీటర్ చూడండి బాబూ అన్నా వినరు. అప్పటికే మన దగ్గర కొన్న పాత కస్టమర్లు ఇంకా బాధపడ్డారు, తమ బోటు విలువ ఒక్క నెలలో పడిపోయింది, వాళ్ళ తప్పేముంది చెప్పు. పైగా ఆ నాలుగూ కొన్న నలుగురూ రిపేర్లకి నా దగ్గరికే వచ్చారు, చిరిగిన సీట్లు, గీతలు పడ్డ జెల్‌కోట్ (బోటు పైపూత), వచ్చిన ప్రతివాడూ బ్రాండునే తిట్టాడు.

కాబట్టి కాగితం మీద ఏం రాయించుకోవాలంటే, ప్రతి 100 గంటల సర్వీసూ మొదటి 20 గంటల సర్వీసూ నీ షాపులోనే, డబ్బు వాళ్ళదే, హవర్ మీటర్ వారానికోసారి నీకు చూపించాలి, సీటు చిరిగితే ఇన్ని రోజుల్లో మార్చాలి లేదా బోటు డాక్ నుంచి తీసెయ్యాలి. ఆ బోటు సర్వీసులో ఉన్నప్పుడు ఇవ్వడానికి ఒక స్పేర్ బోటు నువ్వే రెడీగా పెట్టుకో, అప్పుడు వాయిదా వెయ్యడానికి వాళ్ళకి సాకు ఉండదు. రెండు సీజన్లయ్యాక ముందే అనుకున్న ధరకి నువ్వే వెనక్కి తీసుకోవాలి, ఆరూ ఒకేసారి కాకుండా విడతలుగా, తీసుకున్నాక బాగుచేసి క్లబ్బులో తిరిగిందని కొనేవాడికి చెప్పే అమ్ము, దాచకు. ఇచ్చే మోడల్ షోరూములో ముందు నిలబెట్టేది కాకుండా దాని కిందది ఇవ్వు, రంగు కూడా వేరేది. వారంటీ మాత్రం సంతకానికి ముందే కంపెనీతో రాతపూర్వకంగా తేల్చుకో, సొంత వాడకానికి ఇచ్చే వారంటీ అద్దె వాడకానికి మామూలుగా రాదు, ఇచ్చినా తక్కువ కాలమే, ఇంజన్‌ది వేరు బోటుది వేరు, రెండూ అడుగు.

మొదట ఆరు ఇవ్వకు, రెండు ఇచ్చి ఒక వేసవి చూడు. ఆ అగ్రిమెంట్ వచ్చాక ప్రతి పేజీ ఫోటో తీసి నాకు పంపు, ఆదివారం మీ అత్తయ్యతో కలిసి వస్తా, ఇద్దరం ఆ క్లబ్ డాక్ దగ్గరికి వెళ్ళి ఇప్పుడు వాళ్ళ దగ్గరున్న బోట్ల ప్రొపెల్లర్లూ సీట్లూ ఎలా ఉన్నాయో చూసొద్దాం, అది చూశాకే సంతకం పెట్టు.

మీ మావయ్య